గాడిద లేని ప్రయాణం

మనిషి మీద అసూయపడటంలో ఒక సుఖం ఉంది. ఎదురుపడితే మూతి తిప్పుకోవచ్చు, పలకరిస్తే వినపడనట్టు వెళ్ళిపోవచ్చు, పదిమందిలో ఒక మాట విసరవచ్చు. డబ్బా మీద అసూయపడితే ఈ సుఖాలేవీ లేవు. గుండీలక్కకి యాభై ఆరేళ్ళ వయసులో పుట్టిన కడుపుమంట, అరచేతిలో ఇమిడే ఒక నల్ల స్పీకరు మీద.

చొక్కాలు కుట్టే కొట్లో గుండీలు కుట్టి, కాజాలు తీసే పని ఆమెది. ముప్పై ఏళ్ళలో కత్తిరించేవాళ్ళు మారారు, మిషన్లు మారాయి, కిటికీ పక్క ముక్కాలిపీట మాత్రం ఆమెదే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "సూదిలో దారం ఎక్కిస్తూ తల దించాను, ఎత్తేసరికి పెళ్ళికొడుకు వెళ్ళిపోయాడు" అనేది. తమ్ముడి ఇంట్లో వెనక గది ఆమెది. తమ్ముడు బస్సు డ్రైవరు. మరదలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఐదు.

చదువు ఏడో తరగతితో ఆగింది గానీ దేవుడి వాక్యం మాత్రం ఆమెకి కంఠతా వచ్చు. భోజనాలయ్యాక పిల్లలిద్దరూ వెనక గదిలోకి దూరి ఆమె మంచం ఆక్రమించేవాళ్ళు. ఆమె చెప్పే కథల్లో సింహాలు గుర్రుమనేవి, రాజులు దగ్గేవాళ్ళు, సైనికాధికారులకి నత్తి ఉండేది. అన్నిట్లోకీ పిల్లలు పడిచచ్చేది ఒక వడ్రంగి కథకి. జనాభా లెక్కల కోసం, నెలలు నిండిన భార్యని వెంటబెట్టుకుని, వడ్రంగి సొంత ఊరికి బయలుదేరతాడు. ఆమెని మోసే గాడిదకి ఒక చెవి ముడుచుకుపోయి ఉంటుంది. నీళ్ళు కనపడితే మొండికేస్తుంది. అత్త తన మోకాళ్ళ మీద అరచేతులతో దాని నడక వాయిస్తుంటే చిన్నది ఊపిరి బిగబట్టి వినేది.

అలాంటి ఇంట్లోకి మరదలు స్పీకరు తెచ్చింది.

"భక్తి నాటకాలట వదినా, ఎంత బాగున్నాయో! పిల్లలకి మంచి మాటా వస్తుంది, పాపం నీ గొంతుకీ కాస్త విశ్రాంతి."

ఆ "పాపం" గుండీలక్కకి వారం రోజులు అరగలేదు. పిల్లలు ముందు గదిలోకి మారిపోయారు. గోడ అవతల సముద్రం చీలేది, గుర్రాలు పరిగెత్తేవి, వేలమంది జనం ఒక్కసారే కేకవేసేవాళ్ళు. రోజంతా పళ్ళ మధ్య దారం కొరికిన ఒంటి గొంతు అంత సైన్యంతో ఏం పోటీపడుతుంది? ఆమె ఖాళీ మంచం మీద దుప్పటి సర్దుకునేది. నలగని దుప్పటిని మళ్ళీ సర్దుకునేది.

ఇక్కడ సంఘంలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. ప్రార్థనా మందిరం పక్కగదిలో ఒక బీరువా ఉంది. కుటుంబమంతా కలిసి చూడదగ్గ సినిమాలు, వినదగ్గ నాటకాలు అందులో ఉంటాయి. కొన్నేళ్ళ కిందట, అట్ట మీద బొమ్మ చూసి భక్తి చిత్రమనుకుని తెర కట్టి వేసేశారు. పావుగంటకల్లా రాజుగారి కొలువులో నాట్యం మొదలైంది. రిటైరైన మాస్టారు పరిగెత్తుకెళ్ళి గొడుగు విప్పి తెరకి అడ్డం నిలబడ్డారు. నాట్యం గొడుగు మీదా, మాస్టారి చొక్కా మీదా కొనసాగింది. ఆ దెబ్బతో ముగ్గురి కమిటీ పుట్టింది: మాస్టారు, మందులషాపు కాంపౌండరు, వాక్యం తెలిసిన మనిషని గుండీలక్క. ఏదైనా ముందు వీళ్ళు విని, చూసి, "తగును" అనో "తగదు" అనో చీటీ రాయాలి. "తగదు" అన్నదాన్ని సంఘంలో ఎవరింట్లోనూ పెట్టరు. ఒకసారి హీరో మీసం బాగాలేదని మాస్టారు "తగదు" రాస్తే గుండీలక్కే అడ్డుపడింది. "నచ్చకపోవటం వేరు, తప్పవటం వేరు మాస్టారూ. తప్పంటే అధ్యాయం, వచనం వేయాల్సిందే." అప్పటినుంచి అదే నియమం.

స్పీకరు వచ్చాక మరదలు వరసగా మూడు నాటకాలు బీరువా కోసం తెచ్చింది. మూడూ "తగదు". ఒకదాంట్లో ఆరో రోజు సృష్టిని ఐదో రోజులో కలిపేశారు. ఒకదాంట్లో మంద లెక్క తప్పింది. ఇంకోదాంట్లో జలప్రళయం ఓడ తలుపుని ముసలాయన చేత వేయించారు, వేసింది దేవుడు కదా. అధ్యాయాలు, వచనాలు అక్షరాలా ఉన్నాయి. "అమ్మా, నీది చెవా జల్లెడా!" అని మాస్టారు మురిసిపోయారు. జల్లెడ కింద ఏ మంట ఉందో ఆయనకేం తెలుసు?

మరదలికి తెలుసు. "వదినకి పరలోకంలో వీణలు వినిపించినా శ్రుతి తప్పిందని చీటీ రాస్తుంది" అంది వంటింట్లోంచి, వినపడేంత గట్టిగా.

నాలుగోది వడ్రంగి ప్రయాణం.

మరదలు నెల రోజులు పదిమందినీ అడిగి సంపాదించింది దాన్ని. గుండీలక్క కొట్లో భోజనాల వేళ చెవుల్లో తీగలు పెట్టుకుని, ఒళ్ళో కాగితంతో కూర్చుంది. కథ మొదలైంది. మూట కట్టారు, తలుపు వేశారు, నడక మొదలుపెట్టారు. గాడిద రాలేదు. కొండ ఎక్కారు, దిగారు. గాడిద ఊసే లేదు. గుండీలక్క మొహం విచ్చుకుంది. వాక్యంలోంచి ఒక ప్రాణినే ఎగరగొట్టేశారు! పెన్సిలు నాలిక మీద తడిచేసుకుని "తగదు" అని ముందే రాసేసింది. వచనం కోసం జాగా వదిలింది.

సాయంత్రం ఇంటికొచ్చి గ్రంథం తెరిచింది. ఒక సువార్త చూసింది, రెండోది చూసింది, నాలుగూ చూసింది. వేలితో ఒక్కొక్క వరసా వెతికింది. లెక్కలున్నాయి, ఊరుంది, సత్రంలో చోటు లేకపోవటం ఉంది. గాడిద లేదు. ఎన్నో ఊళ్ళలో గోడల మీదా, గాజు మీదా, క్యాలెండర్ల మీదా చిత్రకారులు ఆ గాడిదని గీశారు. రాసినవాళ్ళు మాత్రం రాయలేదు. గీసేవాడికి ఖాళీ జాగా కనపడితే తోచదు కాబోలు.

తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటున్నాడు.

"ఒరేయ్, వడ్రంగి భార్య ఎక్కిన గాడిద ఏ అధ్యాయంలోదిరా?"

"నీ అధ్యాయంలోదే అక్కా."

"వేళాకోళం వద్దు."

"నిజమే. అమ్మ కడుపుతో ఉండి మిల్లుకి నడిచి వెళ్ళేది చూడు, అప్పుడు. ఆ కథలో ఆవిడ కూడా నడుస్తోందని నేను ఏడుపు లంకించుకుంటే, క్యాలెండర్ బొమ్మలో గాడిదని చూసి నువ్వే ఎక్కించావు. చెవి కూడా నువ్వే మడిచావు."

పదకొండేళ్ళ పిల్ల, ఏడేళ్ళ తమ్ముడి ఏడుపు మాన్పటానికి ఆడిన అబద్ధం. నలభై అయిదేళ్ళు ఆమెతోనే పెరిగి వాక్యమై కూర్చుంది.

ఆదివారం కమిటీ కూర్చుంది.

"గాడిద లేదా?" కాంపౌండరు అదిరిపడ్డాడు. "అన్యాయం అక్కయ్యా! నిండు చూలాలిని నడిపించేస్తారా? సంతకం ఎక్కడ పెట్టాలి?"

"వచనం నింపమ్మా, నేనూ పెట్టేస్తాను," అన్నారు మాస్టారు. "పోనీ, అందరికీ తెలిసిందే కదా, దీనికి వచనం ఎందుకులే."

అదీ అసలు కష్టం. ఆమె నోరు మెదపక్కర్లేదు. రెండు సంతకాలు పడిపోతే నాటకం బీరువాలోకి చేరదు, ఆ కథ ఇంట్లో ఆమె ఒక్కదానిదే అవుతుంది, మంచం మళ్ళీ నిండుతుంది. పెన్ను కాంపౌండరు చేతిలోకి వెళ్ళనే వెళ్ళింది.

"ఆగు తమ్ముడూ. వాక్యంలో లేదు. వెతికాను."

"సరిగ్గా చూశావా?"

"నాలుగు సువార్తలూ చూశాను మాస్టారూ. గాడిద నాది."

అని "తగదు" కొట్టేసి "తగును" అని రాసింది. ఆ మూడక్షరాలూ రాయటానికి మూడు కాజాలు తీసినంతసేపు పట్టింది.

ఆ సాయంత్రమే ముందు గదిలో నాటకం పెట్టారు. మరదలు స్పీకరు తుడిచి బల్ల మీద ఉంచింది. "నువ్వే సరే అన్నావు కదా వదినా, రా, కూర్చో." మూట కట్టారు, తలుపు వేశారు, నడక మొదలైంది.

"ఆపు!" అంది చిన్నది. "గాడిద ఎక్కలేదు!"

మరదలు ఆపింది. "ఇందులో గాడిద లేదురా బంగారం."

"అయితే ఇది వద్దు. అత్తా, నువ్వు చెప్పు!"

పెద్దది కూడా ఇటు తిరిగింది. "అవును, అత్తదే బాగుంటుంది."

గుండీలక్క అరచేతులు తమంతట తామే మోకాళ్ళ మీదికి చేరాయి. ఎన్ని నెలల కోరిక! తలెత్తితే మరదలి మొహం కనపడింది. పెదవులు నవ్వుతున్నాయి, కళ్ళు మాత్రం పిల్లల మీదినుంచి ఆడబిడ్డ చేతుల మీదికి వచ్చి అక్కడే అంటుకుపోయాయి. నెలలుగా తను మోస్తున్న ఆ చూపుకి చీటీ రాయమంటే గుండీలక్క నిద్రలో కూడా రాయగలదు.

"వాక్యంలో గాడిద లేదే తల్లీ. నేను పెట్టాను."

"అబద్ధం చెప్పావా?"

గుండీలక్క అరచేతులు వెనక్కి తీసుకుంది. "ఆ ముక్క అబద్ధమే. వాళ్ళు నడిచే వెళ్ళి ఉంటారు."

చిన్నది ఆమెని కిందినుంచి పైదాకా చూసి, జరిగి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. ఆ జరగటం జానెడే.

"నొక్కమ్మా," అంది గుండీలక్క.

డబ్బాలో నడక సాగింది. కంకర మీద రెండు జతల చెప్పులు. తప్పులు వెతుకుతూ విన్నప్పుడు ఆమెకి వినపడనిది ఇప్పుడు వినపడింది. ఇరవై అడుగులకొకసారి ఆడమనిషి చెప్పులు ఆగుతున్నాయి. ఆయాసం వినపడుతోంది. నాలుగడుగులు ముందుకి వెళ్ళిన మగమనిషి ఏమీ అనకుండా వెనక్కి వస్తున్నాడు. మళ్ళీ రెండు జతలూ కదులుతున్నాయి. గాడిద ఉంటే ఈ ఆయాసం వినపడే వీల్లేదు.

పిల్లలు కదలటం లేదు. ఆ గొంతిచ్చింది ఎవరో మహాతల్లి, మొహం తెలియదు, ఊరు తెలియదు, ఎంత బాగా ఆయాసపడుతోందో! గుండీలక్క పళ్ళు బిగించి, గోడకి ఆనుకుని, ఆ కథంతా చివరిదాకా విన్నది.