షారోన్ ఆగిపోయిన చోటు

ఆ రోజు దీపిక నా దుకాణం ముందు నిలబడి క్లాసు వాళ్లందరికీ ఆ కిటుకు చెప్పింది, ఒక్క షారోన్‌కు తప్ప. ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది, ఒకే బకెట్. అయినా చెప్పలేదు.

నా జిరాక్స్ దుకాణం కరీంనగర్‌లో ఒక కాలేజీ గేటుకు ఎదురుగా ఉంది. ఆ కాలేజీకి హైదరాబాద్ నుంచి శ్యాంసుందర్ అనే ఆయన వచ్చాడు. విద్యార్థులు పరిశోధన వ్యాసాలు చదువుకోవడానికి ఒక వెబ్‌సైటు తయారుచేసిన కంపెనీ మనిషి. పిల్లలు దాన్ని ఎలా వాడుతున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో చూడటం ఆయన పని. ఎంఏ వాళ్లను ఒక్కొక్కరినే లైబ్రరీ పక్క గదిలోకి పిలిచి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఫలానా వ్యాసం వెతకమంటాడు. వెతికేటప్పుడు మనసులో ఏది తోస్తే అది పైకి చెప్పాలి. వెనక కెమెరా తిరుగుతుంటుంది.

తప్పులుంటే అవి సైటువి, మీవి కావని ఆయన ముందే చెప్పాడట. ఎవరు నమ్ముతారు? తలుపు మూసి ఒక్కొక్కరినే పిలిచారంటే మా దగ్గర అది పరీక్షే. బాగా చేసినవాళ్లలో ఒకరికి కంపెనీలో ఉద్యోగమని అటెండర్ అంతయ్య ఒక మాట వదిలాడు కూడా.

అందరికన్నా ముందు లోపలికి వెళ్లొచ్చింది దీపిక.

"కుడి దిక్కు పైన మూడు గీతలుంటయి, గవి ఒత్తుండ్రి. తాళం బొమ్మ వస్తే పరేషాన్ కాకుండ్రి. దాని కింద సన్నగ ఒక డబ్బా ఉంటది, అండ్ల కాలేజీ పేరు కొట్టి మన లాగిన్ ఇస్తే తెర్సుకుంటది."

వింటున్నవాళ్లు ఫోన్లు తీసి అక్కడికక్కడే చేసి చూసుకున్నారు. ఇంతలో షారోన్ రావడంతో మాటలు ఆగిపోయాయి.

"ఏందే, నన్ను చూసి అందరు మూగోళ్లయిన్రు?"

"ఏం లేదు. ఎండ గొడుతుంది," అంది దీపిక.

షారోన్ లోపలికి వెళ్లాక నేను దీపికను అడిగాను. "గామెకెందుకు చెప్పలే?"

"గామెకు చెప్తే సార్‌కు చెప్పినట్టే అన్నా. అడిగితె ఉన్నదున్నట్టు చెప్పేస్తది. చర్చి పిల్ల."

షారోన్‌ది మందమర్రి. తండ్రి యెషయా బొగ్గుగనిలో కార్మికుడు, ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. ఆమె లైబ్రరీ పుస్తకాల పేజీలు జిరాక్సుకు తెచ్చి, మెషీన్ తిరుగుతున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. ఆ మాటలు నాకు సగం వినబడేవి కావు. నేను ఆ పేజీలు చదువుతుండేవాణ్ని.

నాది మంథని. ఇంటర్ దగ్గరే చదువు ఆగింది. ఆ తరువాత నేను చదివిందంతా ఈ మెషీన్ మీద నుంచి పోయిందే. ఒకరి థీసిస్‌లో మూడో అధ్యాయం, ఇంకొకరి దాంట్లో ముందుమాట. అలా ఒకసారి ఒక థీసిస్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, మంథని రేవులో కలప వ్యాపారం మీద ఎవరో రాసిన వ్యాసం పేరు కనబడింది. మా తాత ఆ రేవులోనే దుంగలు లాగాడు. ఆ పేరును మెషీన్ పక్కన పెన్నుతో రాసుకున్నాను. వెతికితే ఆ వ్యాసం ఈ సైటులోనే ఉంది. పేరు, ఓ పది లైన్లు, ఆ కింద తాళం. లాగిన్ విద్యార్థులకు మాత్రమే.

ఎవరినైనా అడిగితే తీసిచ్చేవాళ్లే. కానీ జిరాక్స్ తీసేవాడికి అదెందుకని ముందు ఒక నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు చూడటం ఇష్టంలేక అడగలేదు. షారోన్‌కు లాగిన్ ఇచ్చి ఏడాది దాటినా దాన్ని ఒక్కసారీ తెరవలేదట. ఈ మాట ఆమే నవ్వుతూ చెప్పింది. అన్నం కుండ ముందు పెట్టుకుని ఆకలి లేదనేవాళ్లను చూస్తే ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

గదిలోంచి బయటికి వచ్చి ఆమె నేరుగా నా దుకాణంలో స్టూలు మీద కూలబడింది.

"ఇజ్జత్ పోయింది సంపతన్నా."

"ఏమైంది?"

"తాళం బొమ్మ వచ్చింది. పైసలు కట్టాల్నేమో అని వెనకకు పోయిన. నేను కొట్టిన అక్షరాలన్ని పోయినయి. మల్ల కొట్టిన, మల్ల పోయినయి. 'దేవా, గిదేం తిప్పల' అని గూడ అన్న."

"బయటికే అన్నవా?"

"చెప్పుమన్నడు గదా. మా చర్చిల అందరం ఒక్కపారే నోటితోని ప్రార్థన చేస్తం. పక్కనోళ్లు వింటరని ఎవలం ఆగం. నాకేం సిగ్గు?"

దీపిక వాళ్లు పెదాలు బిగించి నవ్వు ఆపుకున్నారు. నాకు లోలోపల తృప్తిగా అనిపించింది. ఉన్న లాగిన్‌ను వాడుకోనివాళ్లకు ఆ మాత్రం కావాల్సిందే.

మర్నాడు శ్యాంసుందర్ ఏవో ప్రింట్లకు వచ్చాడు.

"మీ పిల్లలు మహా తెలివైనవాళ్లు తమ్ముడూ. తాళం కింద డబ్బా ఉందని మొదట్లో నాకే తెలియలేదు, వీళ్లు ఒక్కరూ ఆగకుండా కొట్టేశారు. బడిలో పద్యం అప్పజెప్పినట్టు చేశారు. ఆ వీడియోలతో నేనేం చేసుకోవాలి? ఒక్క అమ్మాయి మాత్రం ఎక్కడ ఇరుక్కుందో, ఎందుకు ఇరుక్కుందో వివరంగా చెప్పింది. ఆమె వల్లే వచ్చిన పని అయింది."

ఉద్యోగం షారోన్‌కే ఇచ్చారు. ఊరూరా కాలేజీలకు వెళ్లి, పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో చూసి రాయడం. విషయం తెలిసిన రోజు దీపిక ముఖం చూడాలి.

"అన్ని వచ్చినోళ్లకు ఏం లేదు, తడబడ్డదానికి నౌకరి," అంది.

"నువ్వు చెప్పకపోతివి, గందుకే వచ్చింది," అంది షారోన్. ఆమెకు అంతా తెలిసే ఉంది. "రా, చాయ్ తాగిపిస్త."

దీపిక వెళ్లి తాగింది కూడా. నేను దుకాణంలోనే ఉండిపోయాను.

ఆ తరువాత సైటు మారింది. వెనక్కి వెళ్లినా కొట్టిన అక్షరాలు పోవడం లేదు. తాళం పక్కన, మీ కాలేజీ పేరు ఇక్కడ రాయండి అని తెలుగులో వచ్చింది. అది కనబడ్డప్పుడల్లా షారోన్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది. తెలియకపోవడం కూడా ఒక విద్యేనా? దానికి జీతమా? గిరాకీ లేనప్పుడల్లా ఫోన్‌లో ఆ సైటు తెరిచి మూలమూలా తిరిగాను. ఏ గుర్తు నొక్కితే ఏం వస్తుందో నాకు కంఠతా వచ్చింది. ఒక్క వ్యాసం తెరుచుకోకపోయినా సైటంతా నాకు తెలుసు. ఆమెకన్నా నాకే ఎక్కువ తెలుసు.

మొన్న వానాకాలంలో ఆదిలాబాద్ బస్సు దిగి, భుజాన బ్యాగుతో ఆమె నేరుగా దుకాణానికి వచ్చింది.

"నీకోసమే వచ్చిన సంపతన్నా. కాలేజీల లేనోళ్లకు గూడ లాగిన్ ఇద్దామంటున్రు. సైటు ఎన్నడు వాడనోళ్లను కొందరిని కూసోబెట్టి చూడాలె. కూసున్నోళ్లకు ఏడాది లాగిన్ ఇస్తరు. పుస్తకాలు సదివెటోళ్లంటే నాకు ముందుగాల నువ్వే యాదికొచ్చినవ్." మెషీన్ పక్కన నేను రాసుకున్న పేరు మీద వేలు పెట్టింది. "గిది గూడ సదువుకోవచ్చు."

ఆమె దాన్ని ఎప్పుడు చూసిందో నాకు తెలియదు.

"నన్ను కూసోబెట్టి చూసుడేంది? గిటు చూడు," అని ఫోన్ తీశాను. పేరు కొట్టి, సంవత్సరాలు తగ్గించి, భాష మార్చి, రెండు క్షణాల్లో ఆమెను ఆ వ్యాసం ముందు, ఆ తాళం ముందు నిలబెట్టాను. "నీకన్న జల్దీ తీసిన్నా లేదా?"

ఆమె ఫోన్ వైపు చూసింది. బ్యాగు జిప్పు సగం తీసిందల్లా మళ్లీ మూసేసింది. అప్పుడు అర్థమైంది నాకు.

"ఏం తెల్వనట్టు కూసుంట తియ్యి," అన్నాను.

"నేను అట్ల రాయనన్నా. నీకు అన్ని వస్తయి, ఏడ గూడ ఆగకపోతివి. నాకు ఆగెటోడు కావాలె." బ్యాగు భుజానికి ఎత్తుకుని మెట్టు దిగింది. దిగి, మెషీన్ పక్కనున్న పేరును ఇంకోసారి చూసి అంది.

"గంత కావాలనుంటె, నేను గిన్నిసార్లు గీ స్టూలు మీద కూసుంటి గదన్నా. ఒక్కపారన్న నోరు తెర్సి అడగకపోతివి."