ముందుగా వచ్చిన ల్యూసీన్

ఢిల్లీలో నేను పీహెచ్‌డీ చేసిన ఆరేళ్ళలో, ఆర్.కె. పురంలో మా బాబాయి వాళ్ళ క్వార్టర్స్ చుట్టుపక్కల నాకు మంచి పేరే వచ్చింది. గ్యాస్ డాక్టరమ్మ అని. తప్పు నాదే. చేరిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు, ఏం చదువుతున్నావమ్మా అని పక్కింటి ఆంటీ అడిగితే అమాయకంగా నిజం చెప్పాను.

"కడుపులో తిండిని అరిగించే ఎంజైమ్ ఒకటుంది ఆంటీ. దాంతో పని."

ఆ ఎంజైమ్‌తో ప్రొటీన్ల చివర్లు పరీక్షిస్తామని చెప్పేలోపే ఆవిడ తన భర్తగారి త్రేన్పుల చరిత్ర మొదలుపెట్టేశారు. మరుసటి ఆదివారానికి ఇంకో ఇద్దరు వచ్చారు. మా పిన్ని గర్వంగా వాళ్ళకి కాఫీ ఇచ్చి, "మా అమ్మాయి ఆ అరుగుదల మీదే డాక్టరేట్ చేస్తోందండీ" అని చెప్పింది. పదో తరగతి చదివే మా చెల్లెలు, అంటే వాళ్ళమ్మాయి, ఫోన్ నుంచి తలెత్తకుండా, "దీదీ, పహలే పాపా కా ఇలాజ్ కరో" అంది, ముందు నాన్నకి వైద్యం చెయ్యమని. మా బాబాయికి పెసరట్టు పడదు. పడదని తెలిసీ మూడు తింటాడు. దానికి ఎంజైమ్ ఏం చేస్తుంది?

అసలు నా పని ఇదీ. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి గుచ్చిన దండ. క్లోమంలో తయారయ్యే కార్బాక్సీపెప్టిడేజ్ అనే ఎంజైమ్ ఆ దండని తోక వైపు నుంచి ఒక్కొక్క పూసే కొరుక్కుంటూ వస్తుంది. ప్రొటీన్‌లో దాన్ని కలిపి, ఒక నిమిషానికి, ఐదు నిమిషాలకి, పది నిమిషాలకి కాస్త కాస్త తీసి, యాసిడ్ వేసి దాని నోరు మూయించి, ఏ పూస ముందు ఊడిందో మెషిన్లో చూడాలి. ముందు ఊడినదే తోకలో చివరిది. ఇందులో రెండు రకాలున్నాయి. ఎ రకం చాలా పూసల్ని తింటుంది కానీ లైసీన్ అనే పూసని ముట్టదు. బి రకానికి లైసీనంటే ప్రాణం.

మా సార్‌కి కూడా లైసీనంటే ప్రాణమే. ఆయన పేరు నిలబెట్టిన ప్రొటీన్ ఒకటుంది. దాని తోక చివర లైసీన్ ఉంటుందనీ, ఆ లైసీన్‌తోనే అది కణానికి అంటుకుంటుందనీ ఆయన చాలాకాలం కిందట పేపర్ రాశారు. సెల్స్ పెంచి, వాటి నుంచి ఆ ప్రొటీన్‌ని స్వయంగా తయారుచేసి, చిన్న చిన్న ట్యూబుల్లో పోసి, స్వహస్తాలతో లేబుళ్ళు రాసి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో పెట్టారు. ఫ్రీజర్ తలుపు తెరిచినప్పుడు ఆయన ముఖంలో కనిపించే భక్తి నేను కొందరు పూజారుల దగ్గర కూడా చూడలేదు.

"తోకలో లైసీన్ ఉందని ఒక్కసారి కెమికల్‌గా చూపించెయ్. కొత్త పేపర్‌కి ఒక బొమ్మ కావాలి. వారం పని" అన్నారు.

ఆ వారం పదకొండు నెలలు నడిచింది.

బి రకం వేశాను. ఏమీ ఊడలేదు. ఎ రకం వేశాను. మొదటి నిమిషంలోనే ల్యూసీన్ అనే ఇంకో పూస వచ్చింది, ఆ వెనక వాలీన్. అంటే తోక చివర ఉన్నది ల్యూసీన్. దాని తర్వాత ఉండాల్సిన లైసీన్ లేదు.

చార్టు తీసుకుని సార్ గదికి వెళ్ళాను.

"లైసీన్ ఏది?"

"రాలేదు సార్."

"రాలేదా, నువ్వు చూడలేదా?"

"బి ఎంజైమ్‌తో కూడా చేశాను సార్. రాలేదు."

"ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుంది."

"లైసీన్ తోకున్న చిన్న పెప్టైడ్ మీద పెట్టి చూశాను సార్. దాన్ని పది నిమిషాల్లో కొరికేసింది."

ఆయన కళ్ళజోడు తీసి నా చేతుల వైపు జాలిగా చూశారు. "అయితే ఎంజైమ్ బాగానే ఉంది. నీ చెయ్యే సరిగ్గా లేదు. రిపీట్" అన్నారు. ఎర్రపెన్నుతో నా నోట్‌బుక్‌లో ఆ మాటే రాసి కింద గీత గీశారు.

మళ్ళీ చేశాను. కొత్త ఎంజైమ్ తెప్పించి చేశాను. వేడి మార్చి చేశాను. సార్ స్వయంగా ఎంచిన ట్యూబుతో చేశాను. ప్రతిసారీ ల్యూసీన్ టంచనుగా వచ్చేది. ల్యాబ్‌లో అంత టంచనుగా వచ్చేది అదొక్కటే. సార్ కూడా ప్రతిసారీ కొత్త కారణం చెప్పేవారు. పిపెట్ అన్నారు. నీళ్ళు అన్నారు. ఒకసారి మునిర్కాలో నేనుండే గదికి గాలీ వెలుతురూ లేకపోవడం వల్ల ఏకాగ్రత తగ్గిందేమో అని కూడా అన్నారు. గదికి కిటికీ లేని మాట నిజమే. ల్యూసీన్‌కి ఆ సంగతి ఎలా తెలిసిందో మాత్రం సార్ చెప్పలేదు.

కొన్నాళ్ళకి నాకే అనుమానం పట్టుకుంది. నా చేతుల్లోనే ఏదో ఉందనుకున్నాను. బస్సులో కూచుని నా వేళ్ళు నేనే చూసుకునేదాన్ని. ఇది వెటకారంగా చెప్పే విషయం కాదు. ఆ నెలల్లో నిజంగానే చదువు మానేసి బ్యాంకు పరీక్షలు రాద్దామనుకున్నాను.

ఒకరోజు పొద్దున కోల్డ్ రూమ్‌లో బఫర్ సీసాలు సర్దుతుంటే, మా టెక్నీషియన్ అంకుల్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి. మాట తక్కువ.

"బేటా, ల్యూసీన్ ఆ రహా హై?" అన్నారు, ల్యూసీనే వస్తోందా అని.

నేను తెల్లబోయాను. "ఆప్‌కో కైసే పతా?" మీకెలా తెలుసన్నాను.

ఆయన స్టోర్ బీరువా తెరిచి, పాత కేటలాగుల అడుగు నుంచి ఒక నోట్‌బుక్ తీసి నా చేతిలో పెట్టారు. నాకు ఏడేళ్ళ ముందు అదే ల్యాబ్‌లో చదివిన ఒకమ్మాయిది. అదే ప్రొటీన్, అదే ఎంజైమ్, అదే ల్యూసీన్. పేజీ పేజీకీ ఎర్రసిరాతో రిపీట్, కింద గీత. ఆఖరి పేజీలో ఆమె గుండ్రటి అక్షరాలతో రాసుకుంది: సెల్స్‌ని పెంచేటప్పుడు వేసిన సీరంలోనే (దూడ రక్తపు తేట) ఇలాంటి ఎంజైమ్ ఉంటుంది, లైసీన్‌ని అక్కడే తినేసి ఉండాలి, సీరం లేకుండా ప్రొటీన్ చేసి చూడాలి. దాని కింద సార్ రాసింది ఒకే ముక్క. అనవసరం.

ఆ తర్వాతివన్నీ తెల్ల కాగితాలే.

"మీ తెలుగమ్మాయే. చదువు వదిలేసింది. ద్వారకలో స్కూల్లో పాఠాలు చెబుతోంది" అన్నారు అంకుల్ హిందీలో. ఇన్ని నెలలూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే నువ్వు కూడా వెళ్ళిపోతావనుకున్నా" అన్నారు.

శనివారం మెట్రో ఎక్కి, జనక్‌పురి వెస్ట్‌లో మారి, ద్వారక వెళ్ళాను. అంకుల్ ఇచ్చిన నంబరుకి ముందే ఫోన్ చేశాను. సొసైటీ గేటు దగ్గరికి ఆమే వచ్చింది. నాకన్నా పదేళ్ళు పెద్ద. కరీంనగర్ వైపు మనిషి. బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి ఇస్తే అక్కడే నిలబడి రెండు పేజీలు తిప్పింది.

"గిది ఇంకా ఉన్నదా? నేను చెత్తల పడేసిన్రనుకున్న."

"నాకూ ల్యూసీనే వస్తోందక్కా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నిజంగనా? ఎన్నిసార్లు?"

"తొమ్మిది."

"నేను ఆరుసార్లకే ఇడిసిపెట్టిన" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నా చేతులల్లనే లోపమున్నదనుకున్న పిల్లా. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న. బడిల పిల్లలకు ప్రయోగాలు చూపెట్టాలన్నా భయమైతది నాకు, తెలుసా?"

వాళ్ళింట్లో టీ తాగుతూ ఆఖరి పేజీ గురించి మాట్లాడుకున్నాం. సీరం లేకుండా కణాలు సరిగ్గా పెరగవు, ప్రొటీన్ కొంచెమే వస్తుంది, మూడు నెలలు పడుతుంది. "సార్‌ని అడుగకు. అడిగితె వద్దంటడు. చేసినంక చెప్పు" అంది అక్క. నా పరిశోధన జీవితంలో నేను అందుకున్న ఉత్తమమైన గైడెన్స్ అదే.

మూడు నెలలు కాదు, నాలుగు పట్టింది. సార్‌కి తొమ్మిదోసారి తర్వాత పదోసారి రిపీట్ చేస్తున్నానని చెప్పాను. ఆయనకి అంతకన్నా ఇష్టమైన మాట లేదు కాబట్టి ఇంకేమీ అడగలేదు. సీరం లేకుండా వచ్చిన ఆ కాస్త ప్రొటీన్‌కి బి రకం ఎంజైమ్ వేస్తే, మొదటి నిమిషంలోనే లైసీన్ ఊడింది. ఎంజైమ్ వెయ్యని మిగతా సగంలో ఒక చుక్క సీరం కలిపి పెట్టి మర్నాడు చూస్తే లైసీన్ లేదు. చివర ల్యూసీన్ కూచుని ఉంది. ఫ్రీజర్లో ఇన్నేళ్ళు పూజలందుకున్న ట్యూబులన్నీ తోక తెగినవే. తోకతోనే అంటుకుంటుందని సార్ ప్రపంచానికి చెప్పిన ఆ ప్రొటీన్‌కి, ఆయన చెప్పేనాటికే ఆ తోక లేదు.

చార్టులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. సార్ రెండిటినీ మార్చి మార్చి చూశారు. ఆ కాసేపూ ఆయన మీద నాకు జాలి వేసింది. తర్వాత ఆయన మాట్లాడారు, జాలి పోయింది.

"నాకు మొదటి నుంచీ అనుమానమే. అందుకే నీ చేత ఇన్నిసార్లు చేయించాను."

నేను నోట్‌బుక్ బల్ల మీద పెట్టాను. ఆఖరి పేజీ తెరిచి, ఆయన రాసిన ముక్క మీద వేలు పెట్టాను.

"పేపర్లో ఈమె పేరు కూడా ఉండాలి సార్."

"ఆమె ఈ ఫీల్డ్‌లో లేదు కదా. చివర్లో థాంక్స్ చెబుదాం."

"అయితే నా చార్టులు కూడా లేవు సార్."

ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. "ఠీక్ హై. రెండో పేరు" అన్నారు.

పేపర్ తాలూకు కాగితాల మీద సంతకం పెట్టడానికి అక్క ఒక మధ్యాహ్నం క్యాంపస్‌కి వచ్చింది. సార్ ఆమెని చూసి లేచి నిలబడి, నిన్నగాక మొన్న సెలవు మీద వెళ్ళిన మనిషిని పలకరించినట్టు, "ఆఁ, ఏం చేస్తున్నారు ఈమధ్య?" అన్నారు. ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతున్నానని అక్క అంది. "గుడ్, గుడ్. దేశానికి మంచి టీచర్లు చాలా అవసరం" అన్నారు. టీ తెప్పించారు. బిస్కెట్లు కూడా. క్షమాపణ మాత్రం ఆ ప్లేటులో లేదు.

బయటికొచ్చాక అక్కని కోల్డ్ రూమ్ దాకా తీసుకెళ్ళాను. టెక్నీషియన్ అంకుల్ ఆమెని చూడగానే గుర్తుపట్టారు. చేతిలోని సీసా కింద పెట్టి నమస్తే పెట్టారు. అక్క కళ్ళు తుడుచుకుని, ఇక్కడ చలి ఇంకా అట్లనే ఉన్నది అంది.

మెట్రో వైపు నడుస్తుంటే అడిగాను. "ఇప్పుడు పేరొచ్చినందువల్ల మీకేమైనా ఉపయోగం ఉందా అక్కా?"

"ఏం లేదు" అంది వెంటనే. "మా ప్రిన్సిపాల్‌కు కార్బాక్సీపెప్టిడేజ్ అని పలుకుడు కూడా రాదు." కాస్త దూరం నడిచాక మళ్ళీ అంది, "కానీ రేపు సోమవారం పిల్లలకు ఒక ప్రయోగం చూపెడ్త. పిండి మీద ఉమ్మి ఏస్తె చక్కెరయ్యే ప్రయోగం. ఇన్నేండ్లు బోర్డు మీద బొమ్మ ఏసి ఇడిసిపెట్టిన."

బిడ్డని ట్యూషన్ నుంచి తీసుకురావాలంటూ ఎస్కలేటర్ మీద కూడా నిలబడకుండా మెట్లెక్కుతూ వెళ్ళిపోయింది.