దస్తగిరి సాహెబు రాయించిన అబద్ధం

తొండియార్‌పేట మసీదు అరుగు మీద దస్తగిరి సాహెబు కూర్చుంటే ఆ వీధి కుర్రాళ్లకు కొండంత ధైర్యం. తపాలా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. సాయంత్రం నమాజు కాగానే కళ్లజోడు తగిలించుకుని, వాళ్ల చేత ఉద్యోగాలకు అర్జీలు రాయించేవాడు. తప్పు రాస్తే నోటికొచ్చినట్టు తిట్టేవాడు. "దాపరికం ఉంటే నా దగ్గిరికి రావద్దు" అనేది ఆయన మొదటి షరతు. అంతటి మనిషీ, పంతొమ్మిది వందల యాభై నాలుగులో, హయాత్ బాషా విషయంలో తనే తప్పాడు.

హయాత్‌కి తండ్రి లేడు. హార్బరులో గుమాస్తాగిరీ దొరికితే తల్లి బీడీలు చుట్టడం మానుకోవచ్చు. అర్జీలో ఒక గడి ఉంది: పాకిస్తానులో బంధువులున్నారా? మేనమామ కరాచీలో ఉన్నాడు. సాహెబు ఆ గడి రెండుసార్లు చదివాడు. నిజం రాస్తే పిల్లవాడి నోటికాడ కూడు పోతుంది. "లేరని రాయి" అన్నాడు.

ఎంత బుద్ధి తక్కువ పని! ఆ మేనమామ ఉత్తరం ఏటా రంజాన్ పండక్కి వస్తుంది. హయాత్ వాళ్లింట్లో ఉర్దూ చదవడం ఎవరికీ రాదు. తల్లి పరదా వెనక నిలబడితే, గుమ్మం ముందు కూర్చుని వీధి వీధంతా వినేలా చదివేది ఈ సాహెబే. సేమియా పాయసం తింటూ అందరూ వినేవాళ్లు, హెడ్ కానిస్టేబులు దేవరాజులు నాయుడుతో సహా.

ఆ అర్జీ మీద పోలీసు విచారణ కాగితం పట్టుకుని వచ్చింది ఆ దేవరాజులే.

"ఈ పిలకాయకి ఆడ ఎవురూ లేరని రాసుండాడే, నిజమేనా సాహెబూ?"

హయాత్ పక్కనే ఉన్నాడు. వాణ్ని జైల్లో వేస్తే తల్లి ఏమైపోతుంది? అవునంటే నాయుడు సరేనని పోతాడేమో. రేపు ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే?

"ఉండారు నాయుడూ. లేరని రాయించింది నేను. బిడ్డ తప్పేం లేదు."

"అట్టయితే ఆ మాటే రాసియ్యి. కేసు నీ మీదికి రావచ్చు, చూసుకో."

రాసి సంతకం పెట్టాడు. ఆ తరవాత నాలుగు నెలలు వీధిలో బూటు చప్పుడైతే చాలు, ఆయనకు పై ప్రాణాలు పైనే పోయేవి. కేసు రాలేదు. నాయుడు పైకి ఏం రాసి పంపాడో గాని, హయాత్‌కి ఉద్యోగం వచ్చింది.

మరుసటి పండక్కి కరాచీ ఉత్తరం రానే వచ్చింది. సాహెబు గొంతు బాగా తగ్గించి, పరదా వెనకున్న తల్లికి మాత్రమే వినిపించేలా మొదలుపెట్టాడు. మెట్టు మీద పాయసం గిన్నెతో కూర్చున్న దేవరాజులు తలెత్తాడు.

"గెట్టిగా చదువు సాహెబూ. ఈడ దాకా ఇనపళ్లా."