పాప తల మీద ఒట్టు

రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రహస్య సందేశాలను విప్పడానికి గదంత యంత్రాలు కట్టారు. ఇప్పటి కంప్యూటర్లకు అవి ముత్తాతలు. వాటిని పగలూ రాత్రీ నడిపింది ఎక్కువగా ఆడపిల్లలే. ఎవరికీ చెప్పబోమని సంతకాలు చేశారు. యుద్ధం అయ్యాక యంత్రాలు విప్పేశారు, కాగితాలు కాల్చేశారు. ఆ ఆడవాళ్లు ఏళ్ల తరబడి భర్తలకు కూడా చెప్పలేదు. కాలేజీలో ఇది విన్నప్పుడు ఎంత గొప్పవాళ్లో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

సైదాబాద్‌లో మా అత్తగారివాళ్లది పాల వ్యాపారం. ఎవరింటికి ఎన్ని పాలు, ఎవరు ఏ రోజు వద్దన్నారు, అన్నీ మేమూ, పాలు పోయించుకునేవాళ్లూ ఫోన్‌లో చూసుకునే యాప్ నేను రాశాను, పాప కడుపులో ఉండగా. దాని మీద మా బావగారి పేరు పెట్టారు.

"కోడలు చేసిందంటే ఎవ్వరు నమ్మరు. పెద్దోడు చేసిండనే అందాం. బయట చెప్పనని పాప తల మీద చెయ్యి వెట్టి ఒట్టెయ్యి" అంది అత్తమ్మ.

పచ్చి బాలింతను. వేశాను. అప్పటి నుంచి పాప తుమ్మినా, ఒళ్లు వెచ్చబడినా, ఎక్కడైనా నోరు జారానా అని వెతుక్కోవడమే నా పని.

మొన్న ఒక ఆఫీసులో ఉద్యోగానికి వెళ్తే, ఇన్నాళ్లూ చేసిన పని ఏదైనా చూపించమన్నారు. నాకున్నది అదొక్కటే. ఇంటికొచ్చి బావగారిని అడిగాను, నా పేరు పెడతానని.

ఆయన నవ్వారు. "పాలిచ్చేది బర్రె. డెయిరీకి బర్రె పేరు పెడ్తమా?"

"బర్రెకు నోరు లేదు బావగారూ. నాకున్నది."

"ఏందీ లొల్లి?" అన్నాడు మా ఆయన, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఒట్టు మర్చినవా?"

"మీ చెల్లె గడప తొక్కనని కొడుకుల మీద మీరూ ఒట్టేసిన్రు గదా అత్తమ్మా. ఆమె మనవడి పుట్టెంటుకలకు పోలేదా? అడిగితే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన అన్నరు."

"గది వేరే!"

"ఏం వేరే? మీ కొడుకులకు ఏం కాదు, నా బిడ్డకే అయితదా?"

పాపను ఎత్తుకుని గదిలోకి వచ్చేశాను. ఆ ఆడపిల్లల నోళ్లు కట్టినవాళ్లకు యుద్ధం అన్న సాకైనా ఉంది. మా ఇంట్లో ఏ యుద్ధం నడుస్తోందని నన్ను దాచారు? అదీ పసిపిల్లను అడ్డం పెట్టి!

ఇప్పుడే యాప్‌లో పేరు మార్చాను. తెల్లారి పాలు పోయించుకునే ప్రతి ఇంట్లో నా పేరే కనిపిస్తుంది. పాప ఒకసారి దగ్గింది. నుదురు చల్లగానే ఉంది. అయినా చెయ్యి తీయలేకపోతున్నాను. పేరు దొంగిలించినందుకు కాదు, ఈ భయం పెట్టినందుకు వాళ్లను క్షమించను.