బాయిలర్ వంతుకు నా చెప్పులు

మా ఆర్మూర్ వైపు వలస అంటే ప్రతి ఇంట్లోనూ చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుంది. అందుకే రైతు సంఘం కంప్యూటర్లోని పాత డేటాబేస్‌ను కొత్తదానిలోకి మార్చాలని, దాన్ని మైగ్రేషన్ అంటారని, అంటే ఒక రకం వలసేనని నేను వివరించబోతే, అక్కడ పేర్లు ఎక్కించే అక్క కళ్లద్దాల మీదుగా చూసింది.

"గది గూడ దుబాయ్ పోతదా?"

"ఏడికి పోదక్కా. గీడనే ఉంటది. ఇల్లు మారుతది, గంతే."

"ఇల్లు మారుడంటె అల్కటి పనా? మేం మారినప్పుడు పోయిన పప్పుగుత్తి ఇప్పటిదాంక దొరకలే."

నేను నవ్వాను. నవ్వకుండా ఆ పప్పుగుత్తి గురించి కాస్త ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటినుంచే పని చేస్తాను. పనేమిటంటే ఇదే: పాత డేటాబేస్‌లను కొత్తవాటిలోకి చేర్చడం. మా ఇంట్లో వాళ్లకు అది కుర్చీలో కూర్చుని తెరను కోపంగా చూసే ఉద్యోగం. సంఘం కంప్యూటర్ మూలుగుతోందని, పసుపు తవ్వకాలు ముదిరేలోపు ఏదైనా చేయమని అడిగినప్పుడు, ఊరికి పనికొచ్చే అవకాశం ఇన్నాళ్లకు వచ్చిందని వెంటనే ఒప్పుకున్నాను.

సంఘానికి పసుపు ఉడకబెట్టే ఆవిరి బాయిలర్ ఒకటి ఉంది. తవ్విన పసుపును ఉడికించి, ఎండబెట్టి, ఆ తర్వాతే మార్కెట్‌కు తీసుకెళ్తారు. తవ్వి కుప్ప పోశాక ఎక్కువ రోజులు ఆగితే కొమ్ము పాడవుతుంది. కాబట్టి తవ్వకాల రోజుల్లో ఎవరి వంతు ఎప్పుడన్నది పెళ్లి ముహూర్తమంత ముఖ్యం. ఆ వంతుల పట్టికే నేను మార్చాల్సిన డేటాబేస్.

ఇలాంటివాటిని రిలేషనల్ డేటాబేస్ అంటారు. మా ఊరికి ఇంతకంటే తగిన పేరు లేదు. దానిలోనూ వరుసలే, మా దగ్గరా వరుసలే. బస్టాండులో దిగిన కొత్త మనిషికి కూడా చాయ్ తాగేలోపు ఏదో ఒక వరుస తగులుతుంది. బావో, మామో కాకుండా తిరిగి వెళ్లడం కష్టం.

పట్టికలో ప్రతి పేరుకూ కంప్యూటర్ తనంతట తాను ఇచ్చిన నంబరు ఒకటి కనిపించింది. ముందు ఎక్కిన పేరుకు చిన్న నంబరు, తర్వాత ఎక్కినదానికి పెద్దది. వంతు ఇదేనని నాకు క్షణంలో అర్థమైపోయింది. నాకు క్షణంలో అర్థమైనవన్నీ తర్వాత నన్ను వారాల తరబడి ఏడిపించాయి కాబట్టి అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. నంబర్ల ప్రకారం పేర్చి, కొత్తదానిలోకి ఎక్కించాను. ఒక్క పేరు కూడా తప్పిపోలేదు. పాత కంప్యూటర్ తన బాధ్యత తీరినట్టు ఆ సాయంత్రమే ఆగిపోయింది, మళ్లీ లేవలేదు.

మర్నాడు పొద్దున సంఘం గోడ మీద కొత్త పట్టిక అంటించాం. అక్షరాలు గుండ్రంగా, గీతలు నిటారుగా, చూడముచ్చటగా ఉంది. దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంటూ ఉండగా మా మేనత్త వచ్చింది. చేనునుంచి నేరుగా, చెప్పులు కూడా లేకుండా. కాళ్లు మోకాళ్ల దాకా పచ్చగా ఉన్నాయి.

"ఏందే కోడలా, రేపు బాయిలర్ నా చేన్లకు రావాలె. గీ కాయిదం మీద నేను అందరి ఎన్క ఉన్న అంటున్నరు?"

చూశాను. నిజమే. అట్టడుగున ఉంది.

"నువ్వు లేటుగా రాయించుకున్నవేమో అత్తా."

"లేటా? అందరికంటె ముందు రాయించిన. పక్క చేనాయన నాకంటె ముందు తవ్విండు, ఆయన పసుపు ఖరాబైతదని నా వంతు ఆయనకిచ్చి, ఆయనది నేను తీస్కున్న. గీ అక్కనే మార్చింది. అడుగు! ఇప్పుడు నా పసుపంత తవ్వి కుప్ప వోసిన. రేపు బాయిలర్ రాకుంటె గా కుప్ప మీదనే నన్ను గూడ ఎండవెట్టు."

పేర్లు ఎక్కించే అక్క తలూపింది. "ఔ, నేనే మార్చిన. ఒక పేరు తీసేస్తె గాడ ఖాళీ అయితది. మల్ల కొత్తగ ఏ పేరు కొట్టినా సక్కగ పోయి గా ఖాళీల కూసుంటది. గట్లనే ఎన్నేండ్లసంది మారుస్తున్న."

అప్పుడు తెలిసింది నాకు. పాత డేటాబేస్ అలవాటు అది: పేరు చెరిపిన చోటును వృథా చేయదు, తర్వాత వచ్చినదాన్ని అక్కడే కూర్చోబెడుతుంది. చోటు పాతదే అయినా నంబరు మాత్రం కొత్తది, పెద్దది. వంతు నంబరులో లేదు, కూర్చున్న చోటులో ఉంది. నేను అందరినీ లేపి, నంబర్లు చూసి మళ్లీ కూర్చోబెట్టాను. నా దగ్గరున్న నకలు కూడా నేను పేర్చిన తర్వాత తీసుకున్నదే. వంతులు మార్చుకున్న ప్రతివారూ వెనక్కి పోయారు. ఈ ఏడాది ఒకరికొకరు సర్దుకోని ఇళ్లు ఒకటో రెండో.

సంఘం ముందు జనం పెరిగారు. పట్టికలో ఉన్నట్టుండి పైకి తేలిన సిరికొండ వైపు పెద్దాయన ఒకరు మాత్రం చాలా శాంతంగా ఉన్నారు.

"కంప్యూటర్ల వడ్డదంటె వడ్డట్టే. మనం కాదంటె ఎట్ల?"

"నీ పసుపు ఇంక భూమిలనే ఉన్నది గదనే బావా," అంది అత్త. "బాయిలర్ల ఏమేస్తవ్, నువ్వు దిగుతవా?"

అందరూ నవ్వారు. ఆయన కాసేపు ఆలోచించి, "ఔ గదా, గదొకటున్నది," అని తానూ నవ్వారు.

"మరి అసలు వంతు ఎట్ల తెలుస్తది?" అన్నాను, ఎవరినీ చూడకుండా.

"తెల్వకేంది?" అంది అత్త. "నా ముంగట ఎవలున్నరో నాకెర్కే. ఆయన చేన్లకెంచే గదా బాయిలర్‌ని ట్రాక్టర్‌కు కట్టి గుంజుకొచ్చుకునేది."

అవును. ఇక్కడ బాయిలర్‌ను ఎవరూ తెచ్చివ్వరు. ఎవరి వంతు వారు ట్రాక్టర్ తీసుకుని, ముందున్నవారి చేను నుంచి లాక్కుపోవాలి. మొత్తం పట్టిక ఎవరికీ తెలియకపోయినా, తన ముందున్న ఒక్క మనిషి మాత్రం ప్రతివారికీ తెలుసు.

"ఇంకేంది మరి, యూరియా లైన్ల నిలవడలేక మన జాగల ఏం వెడ్తం?" అన్నారు సిరికొండ పెద్దాయన. "చెప్పులు వెట్టుండ్రి!"

ఆయనే ముందుగా తన చెప్పులు విడిచి, నవ్వుతూ గోడ చివర, అందరికీ వెనక పెట్టారు. తర్వాత వాకిట్లో కాసేపు గోల. "నీ ఎన్క నేను", "నువ్వు గాదు, మా వదినె", "జర జరుగే" అంటూ ఒక్కో జత ఇంకో జత వెనక చేరింది. అక్కడ లేనివారికి ఫోన్ చేసి, వారి పేరు రాసిన రాయి పెట్టారు. అత్త తన చోటు దగ్గర నిలబడి కాళ్లు చూసుకుంది. ఆమెకు చెప్పులు లేవు.

"నీయి ఇయ్యే."

"అత్తా, గవి కొత్తయి."

"నా పసుపు గూడ కొత్తదే."

ఇచ్చాను. హైదరాబాద్‌లో కొన్న తెల్ల చెప్పులు, పక్క చేనాయన కుట్లు పడ్డ తోలు చెప్పుల తర్వాత, అటు ఇటు ఏ చుట్టమూ లేనట్టు నిలబడ్డాయి. నేను ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, వట్టి కాళ్లతో ఒక్కో జత దగ్గరా ఆగి, "ఇవి ఎవరివి?" అని అడిగి ఎక్కించాను. ఈసారి 'వంతు' అని వేరే గడి పెట్టాను. ఇద్దరు మార్చుకుంటే ఆ గడిలో అంకెలు మారితే చాలు, మనుషులు లేవక్కర్లేదు. అక్క ఒకసారి తానే మార్చి చూసి, "మంచిగనే ఉన్నది," అంది. "పప్పుగుత్తి దొరికినట్టే."

కొత్త పట్టిక గోడెక్కింది. అత్త పేరు రేపటి వంతు దగ్గర కూర్చుంది. హమ్మయ్య అనుకుని చెప్పుల కోసం వంగాను.

"ముట్టకు!" అంది అత్త.

"పట్టికల ఎక్కింది గదత్తా."

"పొద్దుగాల గూడ ఎక్కింది గద. బాయిలర్ నా చేన్లకు వచ్చేదాంక గవి గాడనే ఉంటయి."

సంఘం బాత్రూములోని రబ్బరు చెప్పులు, రెండూ ఎడమ కాలివే, వేసుకుని ఇంటికి పోయాను.

మర్నాడు మధ్యాహ్నం అత్త చేనులో ఆవిరి లేచింది. పచ్చి పసుపు ఉడికే వాసన రోడ్డు దాకా వచ్చింది. అత్త నా చెప్పులు వేసుకునే తిరుగుతోంది, సొంతవాటిలా. వంతు అయిపోయింది కదా, ఇస్తావా అని అడిగితే విప్పి నా ముందు పెట్టింది. తెల్లవి పచ్చగా అయ్యాయి.

"కడిగితె పోతది," అంది.

కడిగాను. పోలేదు. ఇప్పుడవి ఏ వాకిట్లో విడిచినా నావే అని దూరం నుంచే తెలుస్తాయి.