గుండ్రంగా చేసిన మూల

మొన్న పంజాగుట్టలో ఒక హోటల్లో సదస్సు. విశ్వవిద్యాలయ పరిశోధన చుట్టుపక్కల ప్రాంతాన్ని ఎలా బాగుచేస్తుందో నన్నూ మాట్లాడమన్నారు. మాట్లాడాను. ఆ పెద్ద పెద్ద మాటలు నాకే విసుగు పుట్టించడంతో, బయటపడి అమీర్‌పేట దాకా నడిచాను.

పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు వడ్లలో తేమ కొలిచే పరికరం తయారుచేయడానికి, కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉన్న లేత్ షెడ్డుకి వచ్చేవాణ్ణి. ఇనుప రజను తుడిచి స్టూలు వేసేవాడు దాని యజమాని. ఆ నూనె వాసన ఇప్పటికీ నాకిష్టం.

"గీ వడ్లు పోసే గిన్నె మూలల్ల గింజలు ఇరుక్కుంటయ్ సార్. జర గుండ్రంగ చేద్దామా?" అన్నాడొకసారి. నాకు రోషం వచ్చింది. బొమ్మలో గీసినట్టే చెయ్యమన్నాను. ఆర్నెల్లు కొలతలు తప్పాయి. చివరికి గుండ్రంగానే చేయించాను. లెక్క కుదిరింది, డాక్టరేటూ వచ్చింది. థీసిస్‌లో గైడుకీ, ఇంట్లోవాళ్లకీ, హాస్టల్ వంటాయనకీ కూడా కృతజ్ఞతలు రాశాను. లేత్ షెడ్డు ఊసే ఎత్తలేదు.

మొన్న వెళ్లి చూస్తే, ఆ షెడ్డులో పదిమంది అవే పరికరాలు బిగిస్తున్నారు. ఊళ్లలో మార్కెట్ యార్డులన్నిటికీ ఇక్కణ్ణుంచే వెళ్తాయట. నూనె మరకల నా పాత బొమ్మ ఫ్రేములో గోడకుంది.

"నా బిడ్డ మీ యూనివర్సిటీలనే చేరింది సార్," అన్నాడు యజమాని మురిసిపోతూ. "లైబ్రరీల మీ పుస్తకం తీసి, మన పేరున్న పేజీ ఫొటో కొట్టుకొస్తనంటుంది."

కృతజ్ఞతల పేజీ మొదట్లోనే ఉంటుంది. ఆ పిల్ల వెతుక్కోనక్కర్లేదు.