కార్ఖానా వెనక తలుపు

నా చిన్నప్పుడు, అమ్మ పోయాక నన్ను సాకింది మా చిన్నమ్మే. కామారెడ్డిలో ఒక బీడీ కార్ఖానాలో ఆమె బీడీలు చుట్టేది. నేను పక్కన కూర్చుని దారం కట్టేదాన్ని. మా పక్కింటి అక్కా అక్కడే పనిచేసేది. పొడవాటి పెంకుల కొట్టం అది. ముందొక తలుపు, వెనకొక తలుపు. తంబాకు దొంగిలిస్తారని, పని లెక్కలు చూసే మున్షీ వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకుని తిరిగేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అతను అన్నానికి వెళ్లాడు. బీడీలు కాచే బట్టీ ముందు తలుపు పక్కనే ఉండేది. అందులోంచి నిప్పురవ్వ ఎగిరి ఎండుటాకుల కుప్ప మీద పడింది. చూస్తుండగానే ఆ దారి మూసుకుపోయింది. ఆడవాళ్లంతా కేకలు వేస్తూ ఒకరినొకరు తోసుకున్నారు. పొగలో నాకు చిన్నమ్మ కనిపించలేదు.

అక్క ఆకులు నానేసిన తొట్టిలో కొంగు ముంచి నా మూతికి అడ్డం పెట్టింది. "కొంగులు తడుపుకోండ్రి! నిలబడకుండ్రి, వంగి రాండ్రి. పొగ మీదికి పోతది, కింద గాలుంటది" అని అరిచింది. నానిన ఆకుల మీద బరువుకు పెట్టే బండను ఇంకో ఇద్దరితో కలిసి ఎత్తి వెనక తలుపుకేసి మోదింది. చెక్క విరిగింది. ఆ సందులోంచి ముందు పిల్లల్ని, తర్వాత ముసలివాళ్లను పంపింది. చిన్నమ్మా వచ్చింది. నన్ను దగ్గరికి లాక్కుని ఒళ్లంతా తడిమింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

"నా చాట లోపల్నే ఉన్నదక్కా. పొద్దటి సంది చుట్టిన బీడీలు. మున్షీ ఊకోడు" అంది.

"పోతే పోనీ చెల్లె! బయట వడ్డంక మళ్ల పోవద్దే!"

చిన్నమ్మ వినలేదు. నేను వెంట పరుగెత్తబోతే అక్క నా రెక్క పట్టుకుంది. ఆమె చేతిని రక్తం వచ్చేలా కొరికాను. వదల్లేదు. పైకప్పు కూలిన చప్పుడు విన్నాక కూడా వదల్లేదు.

మున్షీ రొప్పుతూ వచ్చి మొదట అడిగిన మాట, "తలుపెవలు పలగ్గొట్టిండ్రు?"

"నేనే పలగ్గొట్టిన. తాళం నువ్వేసినవు. లోపల మనిషి కాలిపోయింది" అంది అక్క.

ఆమెకు మళ్లీ అక్కడ పని ఇవ్వలేదు. లింగంపేట వైపు కలుపు కూలికి పోయింది. వానలు పడేలోగా కార్ఖానాకు కొత్త పెంకులు వేశారు, వెనక తలుపుకు ఇనుప రేకు కొట్టి మళ్లీ తాళం పెట్టారు.

ఇప్పటికీ ఏ పెద్ద భవనంలోకి వెళ్లినా బయటపడే దారి ఎటుందో చూశాకే కూర్చుంటాను. బయటపడ్డాక దేనికోసమూ వెనక్కి వెళ్లొద్దని మనవళ్లకు చెబుతాను. అది అక్క నేర్పింది. ఒకడి తిట్లకు జడిసి మనిషి మంటల్లోకి ఎందుకు పోతుందో మాత్రం ఎవరూ నేర్పలేదు. చిన్నమ్మ పోయాక తిండికి దిక్కులేక నేనూ అదే కార్ఖానాలో, అదే మున్షీ ఎదుట చాట పట్టుకుని కూర్చున్నాను. నాకక్కడ తెలిసింది.